నాస్కార్ ట్రాకులు దేని మీద బతుకుతాయి? పిల్లలతో గ్యాలరీలో కూర్చోవచ్చా?

మీరడిగింది క్లుప్తంగా ఇది: మే నెలలో నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉన్న మీ అన్నయ్య వాళ్లింటికి వస్తున్నారు, అందరూ కలిసి నాస్కార్ రేసుకి, అంటే ఇక్కడి కార్ల పందేనికి, వెళ్దామంటున్నారు. ఏడాదికి ఒకటి రెండు పెద్ద రేసులు జరిగే అంత ట్రాక్ ఎలా గిట్టుబాటవుతుంది? ఇద్దరు పిల్లల్ని తీసుకెళ్లడం క్షేమమేనా?

నేనుండేది కాంకర్డ్‌లో. షార్లెట్ మోటార్ స్పీడ్‌వే నిజానికి ఉన్నది ఈ ఊళ్లోనే, మా ఇంటికి పదిహేను నిమిషాలు. వచ్చిన కొత్తలో ఆ చప్పుడు వినబడితే కిటికీలు మూసుకుని విసుక్కున్నవాణ్ణే. ఎడమ పక్కకే తిరుగుతూ కార్లు నాలుగు గంటలు పరిగెత్తడం, దాన్ని జనం ఎండలో కూర్చుని చూడడం, ఇదేం పిచ్చి అనుకునేవాణ్ణి. తర్వాత మా అబ్బాయి హైస్కూల్ బ్యాండులో చేరాడు. నేనేమో ట్రాక్‌లో తిండి స్టాల్ కౌంటర్ వెనక చేరాను.

విషయమేమిటంటే, ఇక్కడ రేసు రోజున తిండి స్టాళ్లు చాలావరకు స్కూల్ బ్యాండుల తల్లిదండ్రులో, చర్చి వాళ్లో నడుపుతారు. మాకు జీతం ఉండదు. అమ్మకాల్లో ఇంత శాతమని మా సంఘానికి ఇస్తారు, దాంతో బ్యాండు యూనిఫాంలు, బస్సు ఖర్చులు గడుస్తాయి. అలా మూడేళ్లు హాట్‌డాగ్‌లు అమ్మాను. ఇంట్లో కాఫీ కూడా కలుపుకోని మనిషిని! ట్రాక్ వ్యాపారం గురించి నాకు తెలిసిందంతా ఆ కౌంటర్ దగ్గర మొదలైందే.

ముందు డబ్బు సంగతి. మన తిరునాళ్ల లెక్క ప్రకారం గేటు వసూళ్లే ప్రాణం అనుకుంటాం. ఇక్కడ అలా లేదు. పెద్ద ట్రాకులకు అసలు తిండి పెట్టేది టీవీ. 2015 నుంచి 2024 దాకా నడిచిన టీవీ ఒప్పందం విలువ 820 కోట్ల డాలర్లు. ఆ డబ్బులో 65 శాతం ట్రాకులకు, 25 శాతం జట్లకు, 10 శాతం రేసులు నడిపే సంస్థ నాస్కార్‌కు వెళ్లేది. షార్లెట్ ట్రాక్ యజమాని స్పీడ్‌వే మోటార్‌స్పోర్ట్స్ 1995లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కింది, 2019లో దిగిపోయింది. దిగిపోయే ముందు ఏళ్ల వార్షిక నివేదికలు చూస్తే, టికెట్ల మీద వచ్చిన దానికి రెండింతలకు పైగా టీవీ వాటాగా వచ్చింది. అందుకే కొన్నేళ్ల కిందట ఇక్కడ వెనక వైపు గ్యాలరీ మొత్తం పీకేసినా వాళ్లకు పెద్దగా నొప్పి తెలియలేదు. టీవీలో ఖాళీ కుర్చీలు కనబడడం కన్నా కుర్చీలే లేకపోవడం నయం కదా.

2025 నుంచి ఏడేళ్లకు 770 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం నడుస్తోంది. ఇందులో జట్ల వాటా పెంచారు. అయినా పేచీ తీరలేదు. బాస్కెట్‌బాల్ తార మైకేల్ జోర్డాన్ భాగస్వామిగా ఉన్న జట్టు, ఇంకో జట్టు కలిసి 2024 అక్టోబరులో షార్లెట్ ఫెడరల్ కోర్టుకెక్కాయి, 2025 డిసెంబరులో విచారణ మధ్యలో రాజీ పడ్డాయి. ఆ గొడవకు మూలం అర్థం కావాలంటే ఒక్కటి తెలియాలి. డేటోనా, టాల్లడేగా లాంటి ట్రాకులు నాస్కార్‌ను నడిపే, ఫ్రాన్స్ అనే ఇంటిపేరున్న కుటుంబానివే. మిగతా వాటిలో ఎక్కువ భాగం ఈ షార్లెట్ కంపెనీవి, అంటే స్మిత్ కుటుంబానివి. పందెం పెట్టేవాడూ, బరి సొంతదారూ, నియమాలు రాసేవాడూ ఒకడే అయితే కోళ్లు తెచ్చినవాళ్లకు ఎలా ఉంటుందో మన గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు.

ట్రాక్‌కు అసలు ఆస్తి తారురోడ్డు కాదు, క్యాలెండర్‌లో తేదీ. ఇక్కడికి గంటన్నర దూరంలో నార్త్ విల్క్స్‌బరో అనే చిన్న ట్రాక్ ఉంది, 1947లో మొదలైంది. 1990ల్లో ఇద్దరు పెద్ద ట్రాకుల ఆసాములు దాన్ని చెరి సగం కొన్నారు. వాళ్లకు కావాల్సింది ఆ స్థలం కాదు, దానికున్న రెండు రేసు తేదీలు. 1996లో ఆఖరి రేసు అయ్యాక ఒక తేదీ కొత్తగా కట్టిన టెక్సస్ ట్రాక్‌కి, ఇంకోటి న్యూ హాంప్‌షైర్‌కి పోయాయి. ట్రాక్‌లో గడ్డి మొలిచింది. పాతికేళ్ల తర్వాత, కరోనా సాయం కింద కేంద్రం ఇచ్చిన డబ్బులోంచి రాష్ట్ర ప్రభుత్వం 1.8 కోట్ల డాలర్లు కేటాయించడంతో మళ్లీ లేచింది. 2023 మేలో మేటి డ్రైవర్ల ఆల్‌స్టార్ రేసు అక్కడే జరిగింది. జనం కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నేను మాత్రం ఆ డబ్బు స్కూళ్లకిస్తే మేము హాట్‌డాగ్‌లు అమ్మే పని తప్పేది కదా అనుకున్నాను. ఇక్కడి స్నేహితుల ముందు అనలేదు లెండి.

రేసు లేని రోజుల్లో కూడా షార్లెట్ ట్రాక్ ఖాళీగా ఉండదు. డిసెంబరులో ట్రాక్ మీద కార్లో తిరుగుతూ చూసే క్రిస్మస్ దీపాలు, పాత కార్ల సంతలు, డబ్బు కడితే మనమే రేసు కారు నడిపే ఏర్పాటు, పక్కనే డ్రాగ్ రేసుల ట్రాక్, మట్టి ట్రాక్. 1984లో మొదటి మలుపు మీద అపార్ట్‌మెంట్లు కట్టి అమ్మారంటే ఇంకేం చెప్పాలి. 2021 జనవరిలో మా పక్కింటి పెద్దాయన కోవిడ్ టీకా వేయించుకున్నది కూడా అక్కడే.

చిన్న ట్రాకుల కథ పూర్తిగా వేరు, నాకు ఎక్కువ ఆసక్తి వాటి మీదే. మా ఆఫీసులో నెట్‌వర్కులు చూసే ఒకాయన శనివారం రాత్రుళ్లు స్ట్రీట్ స్టాక్ కారు, అంటే మామూలు కారును మార్చి చేసిన రేసు కారు, తోలతాడు. ఒకసారి నన్ను పిట్‌లోకి, అంటే కార్లు, మెకానిక్‌లు ఉండే చోటికి తీసుకెళ్లాడు. గ్యాలరీ టికెట్ పదిహేను డాలర్లయితే, పిట్‌లోకి పోవడానికి నా దగ్గర నలభై తీసుకున్నారు. కారు తోలేవాడు, అతని మెకానిక్, టైర్లు మోసే బావమరిది, అందరూ తలా నలభై కట్టాల్సిందే. నాకు నవ్వొచ్చింది. పెళ్లిలో వంటవాళ్ల దగ్గర భోజనం డబ్బులు వసూలు చేసినట్టుంది. కానీ ఆ వెనక గేటే చిన్న ట్రాక్‌కు ఆధారం. గ్యాలరీలో నాలుగొందల మంది లేకపోయినా, పిట్‌లో యాభై కార్లకూ తలా నలుగురైదుగురు మనుషులుంటే ఆ రాత్రి గడిచిపోతుంది. మా ఆఫీసువాడు ఆ రోజు ఐదో స్థానంలో వచ్చాడు. చేతికందిన బహుమతి ఆ రాత్రి అరగదీసిన టైర్ల ఖరీదుకు కూడా చాలలేదు. అయినా వాడి మొహం వెలిగిపోతోంది.

పిట్‌లోకి వెళ్లేముందు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఏం జరిగినా ట్రాక్‌ది బాధ్యత కాదని రాసిచ్చే కాగితం, వేవర్ అంటారు. నేను చదవబోతుంటే వెనక లైన్లో ఒకావిడ, "చదివితే లోపలికి వెళ్లవు నాయనా" అన్న అర్థంలో ఏదో అని నవ్వింది.

ఆ రాత్రి మూడో రేసులో ఒక కారు గోడకు కొట్టుకుంది. కుర్రాడికి మోచేయి విరిగినట్టుంది, అంబులెన్సు ఎక్కించి తీసుకుపోయారు. అంతే, రేసు ఆగిపోయింది. అక్కడున్నది ఒకటే అంబులెన్సు, అది తిరిగొచ్చేదాకా కార్లు కదలకూడదు. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో తిండి స్టాల్ దగ్గర లైను గేటు దాకా పాకింది. కౌంటర్ వెనక నిలబడ్డ అనుభవం ఉన్నవాణ్ణి కాబట్టి నా కళ్లు ముందు అటే పోయాయి, తర్వాత సిగ్గేసింది. రెండో అంబులెన్సు పెట్టుకుంటే ఆ ఆలస్యం ఉండదు, కానీ దానికి అద్దె కట్టేంత డబ్బు ఆ గేట్లలో రాదు. ట్రాక్‌కు డబ్బెక్కడిది, క్షేమమేనా అని మీరు అడిగిన రెండు ప్రశ్నలూ ఒకటేనని నాకు అర్థమైంది ఆ రాత్రే.

ఎందుకంటే గోడ సంగతే చూడండి. 2001 ఫిబ్రవరి 18న డేటోనా 500 రేసు ఆఖరి చుట్టులో డేల్ ఎర్న్‌హార్ట్ అనే పేరున్న డ్రైవర్ కారు కాంక్రీటు గోడను కొట్టింది. చూసేవాళ్లకు అదేమంత పెద్ద ప్రమాదంలా కనబడలేదు. కారు ఠక్కున ఆగితే ఒంటికి బెల్టు ఉంటుంది, తలకు ఏమీ ఉండదు. తల ముందుకు విసిరేసినట్టు పోయి పుర్రె అడుగు భాగం విరిగి ఆయన ప్రాణం పోయింది. అంతకుముందు ఏడాదే ఆడమ్ పెటీ, కెన్నీ ఇర్విన్ అనే డ్రైవర్లు రెండు నెలల తేడాతో న్యూ హాంప్‌షైర్‌లో ఒకే మలుపు దగ్గర పోయారు. తలను భుజాలకు కట్టిపడేసే హాన్స్ అనే పరికరం అప్పటికే ఉంది. మిషిగన్ స్టేట్ ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్, ఆయన బావమరిది అయిన రేసర్ జిమ్ డౌనింగ్ 1980ల్లోనే తయారుచేశారు. అసౌకర్యమని చాలామంది పెట్టుకునేవారు కాదు. 2001 అక్టోబరులో ఇదే షార్లెట్ ట్రాక్ మీద బ్లేజ్ అలెగ్జాండర్ అనే కుర్రాడు పోయాక, రెండు వారాల్లో నాస్కార్ మెడ రక్షణ తప్పనిసరి చేసింది. నాస్కార్‌లో పైస్థాయి అయిన కప్ సిరీస్ రేసుల్లో ఆ తర్వాత డ్రైవర్ ఎవరూ చనిపోలేదు.

గోడను కూడా మార్చారు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో డీన్ సికింగ్ బృందం సేఫర్ అనే గోడ తయారుచేసింది. బయటికి ఉక్కు గొట్టాలు, వాటి వెనక నురుగు దిమ్మలు, ఆ వెనక పాత కాంక్రీటు. కారు తగిలితే గోడే కాస్త లోపలికి వెళ్లి దెబ్బను పంచుకుంటుంది. 2002లో ఇండియానాపొలిస్‌లో మొదట పెట్టారు. కానీ పెద్ద ట్రాకులు కూడా కార్లు ఎక్కువగా తగిలే చోట పెట్టి మిగతాది వదిలేశాయి. 2015 ఫిబ్రవరిలో డేటోనాలో కైల్ బుష్ అనే డ్రైవర్ సరిగ్గా ఆ వదిలేసిన గోడకే కొట్టుకుని కుడి కాలు, ఎడమ పాదం విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు ట్రాక్ చుట్టూ వేస్తామన్నారు. అప్పట్లో పత్రికలు రాసిన లెక్క అడుగుకు సుమారు 500 డాలర్లు. అర మైలు ట్రాక్‌కు బయటి గోడ ఒక్కటే 2,640 అడుగులు, అంటే 13 లక్షల డాలర్లు. టీవీ డబ్బున్నవాడికి అది లెక్క కాదు. పిట్‌లో తలా నలభై వసూలు చేసేవాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? మా ఆఫీసువాడు శనివారం శనివారం తగిలే గోడ ఉత్త కాంక్రీటే.

ఇక మీ పిల్లల సంగతి. దాచకుండా చెప్తాను, ప్రేక్షకులకూ జరిగాయి. 1999 మే 1న షార్లెట్‌లో ఇండీ కార్లనే వేరే రకం కార్ల రేసులో విరిగిన చక్రం గ్యాలరీలోకి ఎగిరొచ్చి ముగ్గురు చనిపోయారు. 2013లో డేటోనాలో కైల్ లార్సన్ కారు కంచెకు ఎగిరి తగిలితే ముందు భాగం ఊడిపోయింది, ఒక చక్రం జనంలో పడింది, దాదాపు ముప్పై మందికి దెబ్బలు తగిలాయి. కంచె కారును ఆపగలదు, ప్రతి ముక్కనూ ఆపలేదు. అందుకే చక్రం బిగించే భాగాలను కారుకు తాళ్లతో కడతారు. నేను మర్చిపోలేనిది మాత్రం వేరే ఒకటి. 2000 మేలో రేసు అయ్యాక జనం హైవే దాటుతుంటే ఈ ట్రాక్ నడక వంతెన కూలింది. 107 మంది గాయపడ్డారు. కాంక్రీటు త్వరగా గట్టిపడాలని కలిపిన పదార్థంలో కాల్షియం క్లోరైడ్ ఉంది, అది లోపలి ఉక్కు తీగల్ని అయిదేళ్లలో తినేసింది. గంటకు 180 మైళ్ల కార్లను తప్పించుకుని, ఇంటికి నడిచి వెళ్తూ పడిపోయారు పాపం.

మరి తీసుకెళ్లాలా? నేను తీసుకెళ్లాను, మీరూ తీసుకెళ్లండి. కింది వరసల టికెట్లు చవక, కొనకండి. కంచె అడ్డమొచ్చి రేసు కూడా సరిగ్గా కనబడదు, టైరు రబ్బరు ముక్కలు ఒళ్లో పడతాయి. నా చొక్కా మీద పడ్డాయి కాబట్టి చెప్తున్నాను. పై సగంలో, మొదటి మలుపుకు ముందు వచ్చే సీట్లు చూసుకోండి. పిల్లల టికెట్ల మీద తగ్గింపు ఉంటుంది, దాంతో మిగిలిన డబ్బు చెవులకు పెట్టండి. చప్పుడు వంద డెసిబెళ్లు దాటుతుంది. దూది ఉండలు పనికిరావు, చెవుల్ని పూర్తిగా కప్పేవి ఇంటి దగ్గరే కొనుక్కురండి, గేటు దగ్గర రెట్టింపు చెప్తారు. పెద్దవాడికి డ్రైవర్ల రేడియో మాటలు వినిపించే స్కానర్ హెడ్‌సెట్ అద్దెకు తీసుకోండి. గ్యాలరీ కప్పు మీద నిలబడే స్పాటర్ "లోపల ఒకడున్నాడు, ఇంకా ఉన్నాడు, పోయాడు" అని డ్రైవర్‌కు చెప్పడం వింటే అప్పటిదాకా గుండ్రంగా తిరిగినట్టున్న ఆట అర్థమవుతుంది.

మే నెలలో ఇక్కడ జరిగే పెద్ద రేసు 600 మైళ్లు, 400 చుట్లు. సాయంత్రం ఆరింటికి మొదలై పది దాటుతుంది. చిన్నది అంతసేపు కూర్చోలేదనుకుంటే ముందు రోజు రేసుకే వెళ్లండి, దూరం సగమే. బయటి తిండి ఒక చిన్న కూలర్‌లో తెచ్చుకోనిస్తారు, గాజు సీసాలు మాత్రం వద్దు. మేము పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్తాం. అయిపోగానే కారు దగ్గరికి పరిగెత్తకండి. వేలమందితో పాటు పార్కింగులో రెండు గంటలు ఇరుక్కుంటారు. మేము సీట్లోనే కూర్చుని పెరుగన్నం తింటాం, పిట్‌లో కార్లు లారీలకెక్కించడం చూస్తూ. హాట్‌డాగ్ కావాలంటే మాత్రం బ్యాండు పిల్లల స్టాల్ దగ్గరే కొనండి.