మడ అడవిలో పనికి వెళ్తున్న అల్లుడికి

చి. బుజ్జికి,
మావయ్య దీవెనలు.

కోరంగిలో వాచర్‌గా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. నేనూ అక్కడే కూలి వాచర్‌గా మొదలెట్టి, పరీక్ష రాసి గార్డునయ్యాను. కానీ ఔట్‌సోర్సింగ్‌లో "రేపో మాపో పర్మనెంట్ చేస్తారు" అన్న మాట పట్టుకుని వయసు దాటబెట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను. నువ్వు ఆ మాట నమ్ముకోవద్దు.

పర్మనెంటుకి దారి ఏపీపీఎస్సీయే. 2025లో అటవీశాఖలో 691 పోస్టులకి పిలిచారు, బీట్ ఆఫీసర్లు 256, అసిస్టెంట్ బీట్ ఆఫీసర్లు 435. చదువు ఇంటర్ చాలు. మూలవేతనం బీట్ ఆఫీసర్‌కి 25,220, అసిస్టెంట్‌కి 23,120తో మొదలు. డీఏ, ఇంటద్దె వేరే. మామూలుగా 30 ఏళ్లు దాటకూడదు. నోటిఫికేషన్ ఏటా రాదు కాబట్టి, నీకు 24 ఏళ్లే కదా అని తీరిగ్గా కూర్చోకు.

చదివి కూడా నడక పరీక్షలో తప్పినవాళ్లని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. మగవాళ్లు 4 గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి. అంటే కిలోమీటరు తొమ్మిదిన్నర నిమిషాల్లో అయిపోవాలి. ఇప్పటినుంచే తెల్లారుజామున ఏటిగట్టు పట్టుకో.

చేరిన నెలే పీఎఫ్ నంబరు అడుగు. నీ జీతంలో 12 శాతం కోస్తే అంతే వాళ్లూ కట్టాలి. నా దగ్గర పనిచేసిన కుర్రాడికి ఒక ఏజెన్సీ రెండేళ్లు కోసింది, కట్టలేదు. వాడి చేతిలో ఒక్క కాగితం లేదు, అడిగే దిక్కూ లేదు. ప్రతి నెలా ఫోన్లో పాస్‌బుక్ చూసుకో, జీతం చీటీ దాచుకో.

ఇక పని. నీళ్లు నిలిచి ఎండితే నేలలో ఉప్పు పేరుకుపోయి మడ మొక్క చచ్చిపోతుంది. అందుకే చేపముల్లు ఆకారంలో కాలువలు తీస్తాం. సముద్రం పోటుకి నీళ్లు ఎక్కాలి, పాటుకి దిగిపోవాలి. ఆ వాలు మోకాలి లోతు బురదలో నిలబడితేనే అర్థమవుతుంది. తిల్ల అనే మడ చెట్టు కొమ్మ విరిచిన చేత్తో మాత్రం కన్ను తుడుచుకోకు, ఆ పాలు తగిలితే చూపే పోవచ్చు. చెట్ల పేర్లు, పాయల పేర్లు, బురదలో బావురుపిల్లి అడుగు అన్నీ నోటుబుక్కులో రాసుకో. పరిశోధనకి వచ్చేవాళ్లు ముందు వెతికేది ఇవి తెలిసిన మనిషినే. పడవ ఇంజను నడపడం కూడా నేర్చుకో.

ఆదివారం తెల్లారేసరికి చొల్లంగి రా. బూట్లు మర్చిపోకు. మొదటి 5 కిలోమీటర్లు వాచీ చూసుకుంటూ సైకిల్ మీద నీ వెంట నేనొస్తాను.

మీ మావయ్య