బలవంతంగా మాత్రం తినిపించకు

రాజమండ్రి

చిన్నీకి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే గోల. "ఆ కుక్క లడ్డు కోసం జీతం లేని సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది అక్కా, సూదులు కూడా తనే పొడుస్తోందట" అని. నాకు మాత్రం ముందు గర్వంగా అనిపించింది. 12 ఏళ్ళు నీ కాళ్ళ దగ్గర పడుకున్న ప్రాణి జబ్బుపడితే, దాన్ని ఎక్కడో వదిలేసి ఆఫీసుకు పోకుండా దగ్గరుండి చూసుకోవాలనుకున్నావు. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు. నువ్వు తొందర మనిషివి, పైగా ఆ ఫ్లాట్‌లో ఒక్కదానివే ఉన్నావు. ఫోన్లో చెబితే సగం వింటావు, అందుకే రాస్తున్నాను.

మీ అమ్మకి నువ్వు పంపిన రిపోర్టు నాకూ పంపింది. క్రియాటినిన్, అంటే కిడ్నీలు రక్తంలోంచి వడకట్టాల్సిన మలినం, 6.2 ఉంది. కుక్కల్లో అది 5 దాటితే కిడ్నీ జబ్బు నాలుగో దశకి వచ్చినట్టు, ఆ తరవాత ఇంకో దశ లేదు. కిడ్నీలు నాలుగింట మూడు వంతులు పాడయ్యేదాకా ఆ అంకె పెద్దగా కదలదు. కాబట్టి ముందే ఎందుకు కనిపెట్టలేకపోయానని నిన్ను నువ్వు తిట్టుకోవడం ఆపు. నీళ్ళు ఎక్కువ తాగుతుంటే ఎండలు కదా అనుకున్నావు. ఎవరైనా అదే అనుకుంటారు.

నీళ్ళగిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచు. టైల్స్ మీద దాని కాళ్ళు జారిపోతాయి, నీ యోగా మ్యాట్లు పరిచెయ్యి. నొప్పి అనిపించి నీ మందుల డబ్బాలోంచి పారాసెటమాల్, ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఏవీ వెయ్యకు. మన మాత్రలు కుక్కల ప్రాణం మీదికి తెస్తాయి.

సెలైన్ ఎలా పెట్టాలో డాక్టరుగారు నేర్పే ఉంటారు, అయినా నా తృప్తి కోసం వినాలి. సీసాని కాసేపు గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి, ఒక చుక్క నీ మణికట్టు మీద వేసుకుని చూడు. చల్లగా ఉంటే లడ్డు వణికిపోతుంది. భుజాల మధ్య చర్మాన్ని రెండు వేళ్ళతో పైకి లాగితే కింద ఖాళీ ఏర్పడుతుంది, సూది ఆ ఖాళీలోకి పోవాలి. ప్రతిసారీ కొత్త సూది. మూపు మీద పెద్ద బుడిపె లేస్తుంది, కాసేపటికి అది జారి ముందుకాలి దగ్గర వేలాడుతుంది. మొదటిసారి చూస్తే గుండె జారిపోతుంది గానీ కంగారుపడకు, కొన్ని గంటల్లో ఇంకిపోతుంది. మర్నాటికీ ఇంకకపోయినా, ఊపిరి వేగంగా తీస్తున్నా మళ్ళీ పెట్టకుండా డాక్టరుకి ఫోన్ చెయ్యి.

చెన్నై వెటర్నరీ కాలేజీలో డయాలిసిస్ చేస్తారట, కారులో తీసుకెళ్తానన్నావట. చేస్తారు, నిజమే. పాముకాటు వల్లో, ఎలుకల జ్వరం వల్లో కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతింటే, అవి తేరుకునేదాకా డయాలిసిస్ కాపు కాస్తుంది. ముసలితనంలో మెల్లగా ఎండిపోయిన కిడ్నీలు మళ్ళీ తేరుకోవు. హైదరాబాద్ నుంచి 600 కిలోమీటర్ల పైన దాన్ని కుదిపి తీసుకెళ్ళి, తెలియని చోట గంటలకొద్దీ గొట్టాలు పెట్టించి, దానికి నువ్విచ్చేది ఏమిటో ఆలోచించు. నేనైతే వద్దంటాను.

ఇక అసలు సంగతి. దీనికోసమే ఈ ఉత్తరం.

రాజాని నువ్వు చూడలేదు. నువ్వు పుట్టకముందు మా ఇంట్లో ఉన్న తెల్ల పామరేనియన్. వాడికీ చివర్లో ఇదే జబ్బు. అన్నం మానేశాడు. మా అత్తగారికి అది ప్రాణం మీదికొచ్చింది. ఆవిడ కలిపిన పెరుగన్నం తినందే వాడికి పొద్దు గడిచేది కాదు, వాడికి పెట్టందే ఆవిడకీ ముద్ద దిగేది కాదు. జబ్బు సంగతి తరవాత, తినకపోతే నీరసంతోనే పోతాడని ఆవిడ అనేవారు. మీ పెదనాన్నదీ అదే మాట. మన ఇళ్ళలో జ్వరం వచ్చినా, పరీక్ష పోయినా ముందు "తిన్నావా" అనే అడుగుతాం కదా. ఎవరూ కాదనలేదు.

అటక మీంచి ఉగ్గుగిన్నె దించారు. మీ అన్నయ్యకి ఉగ్గు పోసిన వెండి గిన్నె. మీ పెదనాన్న రెండు చేతులతో వాడి నోరు తెరిచి పట్టుకుంటే, ఆవిడ తల పైకెత్తి రాగిజావ పోసేవారు. సగం బయటికి కక్కేవాడు. మిగతా సగం లోపలికి పోయిందని ఆవిడకి తృప్తి. మూడు పూటలా ఇదే. కొన్నాళ్ళకి ఆ గిన్నె గట్టు మీద పెట్టిన చప్పుడు వినపడితే చాలు, లేవలేని కాళ్ళతోనే పాక్కుంటూ మంచం కిందికి దూరేవాడు. మొహం గోడకి ఆనించి పడుకునేవాడు. ఆవిడ నేల మీద కూర్చుని, "రా నాన్నా, ఒక్క గుక్క" అని బతిమాలేవారు. అంతకుముందు ఆవిడ గొంతు వినపడితే వీధి చివరి నుంచి పరుగెత్తుకొచ్చే కుక్క వాడు.

ఒకరోజు జావ ఊపిరితిత్తుల్లోకి పోయింది. దగ్గు, ఆయాసం, జ్వరం. చివరికి వాణ్ణి తీసుకుపోయింది న్యుమోనియా. ఆసుపత్రిలో రేకుబల్ల మీద, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య పోయాడు. తరవాత డాక్టరుగారు విడమరిచి చెప్పారు. కిడ్నీలు వడకట్టాల్సిన మలినాలు రక్తంలో పేరుకుపోతే కడుపులో వికారం, నోట్లో పుళ్ళు. తిండి వాసనే పడదు. వాడు పస్తులున్నాడని మేమనుకున్నాం, వాడికసలు ఆకలే లేదు. మా అత్తగారి కంటే వాణ్ణి ఎక్కువ ప్రేమించినవాళ్ళు ఆ ఇంట్లో లేరు, ఆవిడని నేను ఏనాడూ తప్పుపట్టలేదు. కానీ చివరి రోజుల్లో వాడు భయపడింది తనకి అన్నం పెట్టిన చేతికే. ఇన్నేళ్ళయినా నాకు అదే మింగుడుపడదు.

అందుకని లడ్డు మొహం తిప్పుకుంటే ఆపెయ్యి. పెదాలు అదేపనిగా నాక్కోవడం, చొంగ కారడం, పళ్ళెం దగ్గరికొచ్చి వాసన చూసి వెనక్కి జరగడం, ఇవేవీ పెంకితనం కాదు, వికారం. వాంతి తగ్గే మందు డాక్టరుగారిని అడిగి ముందు అది వెయ్యి, పని చేశాక తిండి చూపించు. కాస్త వెచ్చబెడితే వాసన తగులుతుంది. కిడ్నీ డైట్ ముట్టుకోకపోతే దానితో యుద్ధం చెయ్యకు. ఈ దశలో మెత్తటి అన్నం, గుడ్డు తెల్లసొన, ఏదో ఒకటి ఇష్టంగా రెండు ముద్దలు తింటే అదే మేలని నా ఉద్దేశం, డాక్టరుగారినీ ఒకమాట అడుగు. ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్ మాత్రం ఎప్పుడూ వద్దు. కాసేపు పక్కన కూర్చో, తినకపోతే పళ్ళెం తీసెయ్యి. ఏడుపొస్తే ఏడు. "నాకోసం తినవే" అని మాత్రం అనకు.

ఇంజెక్షన్ మాట కూడా ఇప్పుడే అనేస్తాను. నువ్వు అడగలేక ఊరుకున్నావని తెలుసు. "చంపించడం పాపం" అని మీ అమ్మ అంటుంది. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ నయంకాని స్థితిలో విలవిల్లాడుతుంటే గాంధీగారు డాక్టర్ని పిలిపించి ఇంజెక్షన్‌తో దాని బాధ ముగించారు. జనం ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి తిట్టారు. అది అహింసేనని ఆయన తన పత్రికలో రాసి మరీ నిలబడ్డారు. మీ అమ్మకి ఈ సంగతి నేను చెబుతాను.

రోజూ రాత్రి క్యాలెండర్‌లో ఆ రోజు దానికి బాగా గడిచిందో లేదో గుర్తు పెట్టు. నీకు లెక్కలు కావాలంటే, ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు తయారుచేసిన పట్టిక ఉంది. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డరోజుల కంటే మంచిరోజులు ఎక్కువున్నాయా అన్నది, ఒక్కోదానికి 10 మార్కులు. మొత్తం 35 పైన ఉంటే ఫరవాలేదంటారు. నా మాట వింటే, చెడ్డరోజులు ఎక్కువవడం మొదలవగానే డాక్టరుకి కబురు చెయ్యి, మూర్ఛలు వచ్చేదాకా ఆగకు. వీలైతే ఇంటికే రమ్మను. ముందు మత్తు ఇస్తారు, తరవాత రెండో మందు. దాని కళ్ళు మూతపడవు. అయిపోయాక కూడా ఒకసారి గట్టిగా ఊపిరి తీసినట్టు అనిపించొచ్చు, మూత్రం పోవచ్చు. ముందే తెలిస్తే హడలిపోవు. పాత దుప్పటి వేసి ఉంచు. గదిలోంచి మాత్రం బయటికి రాకు, నీ గొంతు దానికి వినపడుతూ ఉండాలి.

ఫ్లాట్‌లో పాతిపెట్టే జాగా ఉండదు. ఫతుల్లాగూడలో జంతువుల దహనవాటిక ఉంది, వేళలు ముందే ఫోన్‌లో కనుక్కో, ఆ రోజు వెతుక్కునే ఓపిక ఉండదు. మిగిలిన సెలైన్ సీసాలు క్లినిక్‌లో ఇచ్చెయ్యి, వీధి కుక్కలకి వాడతారు. "కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకో" అనేవాళ్ళు ఉంటారు. జవాబు చెప్పకు, నీ ఓపిక వాళ్ళకి ఖర్చు పెట్టకు. నువ్వు ఏడ్చినన్నాళ్ళు ఏడు.

శుక్రవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాను, టికెట్ తీసుకోవడం అయిపోయింది. వద్దనకు. రాత్రిపూట దాని దగ్గర నేను కూర్చుంటాను, నువ్వు కాస్త పడుకుందువుగాని.

రిపోర్టు రెండో పేజీ ఫోటో మసగ్గా వచ్చింది. ఫాస్ఫరస్, పొటాషియం ఎంతున్నాయో కనపడలేదు. వెలుతురులో పెట్టి మళ్ళీ తీసి పంపు.

మీ పెద్దమ్మ