కొబ్బరికాయ లేచిన చోటే బోరు వేయాలా?

ఘట్‌కేసర్ ప్లాటులో నీళ్లు చూసే ఆయన అరచేతిలో కొబ్బరికాయ లేచిన చోటే బోరు వేయించాలా అని అడిగారు కదండీ, ఆగండి. అరచేయి కాస్త వంగినా కాయ లేస్తుంది. పట్టుకున్నాయనకు తెలియకుండానే కండరాలు కదులుతాయి. ఇలా తెలియకుండా కదలడాన్ని 1852లోనే విలియం కార్పెంటర్ అనే ఇంగ్లండ్ వైద్యుడు వివరించారు.

పది చోట్ల సుద్దతో నంబర్లు వేసి, కాయ లేచిన నంబరు రాసుకోండి. ఇక ఆయన కళ్లకు గంతలు కట్టి, అటూ ఇటూ తిప్పి, పదింటి మీదా మళ్లీ నడిపించండి. చేయి పట్టుకు నడిపించే మనిషికి కూడా ఆ నంబరు తెలియకూడదు, పరీక్ష చెడేది అక్కడే. ఊరికే చెప్పినా పదిలో ఒకసారి కలుస్తుంది కాబట్టి ఐదుసార్లయినా చేయండి.

మనది గ్రానైట్ నేల. నీళ్లు పైన మెత్తబడిన పొరలో, కింద రాతి పగుళ్లలో ఉంటాయి. జియాలజిస్టుతో రెసిస్టివిటీ సర్వే చేయించండి: నాలుగు కడ్డీలు పాతి, కరెంటు పంపి నిరోధం కొలుస్తారు. తడి పగుళ్ల దగ్గర అది తగ్గుతుంది. బంకమట్టి ఉన్నా తగ్గుతుంది, అందుకే పక్కింటి బోర్ల లోతు కూడా కనుక్కోండి.