బీటెక్ మధ్యలో రాష్ట్రం మారితే క్రెడిట్లు ఏమవుతాయి: మేనకోడలికి ఉత్తరం

బెంగళూరు

అమ్మడూ,

బావకి మారతహళ్ళి ఆఫీసుకు బదిలీ అయిందనీ, కాకినాడ జేఎన్‌టీయూ కింద రెండో ఏడు ముగించిన నువ్వు ఐదో సెమిస్టర్‌కి ఇక్కడ వీటీయూ (విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీ) కాలేజీలో చేరాలనుకుంటున్నావనీ అక్క చెప్పింది. నీ మార్కులు బాగున్నాయి కాబట్టి ఇబ్బంది ఉండదని ఇంట్లో అందరూ ధీమాగా ఉన్నట్టున్నారు. ఈ వ్యవహారంలో మార్కులు చూసేది ఆఖర్న. ముందు అడిగేవి సిలబస్ కాగితాలు.

క్రెడిట్లంటే ఒక్కో కోర్సు పాసైతే వచ్చే పాయింట్లు. అవి నీ ఖాతాలో ఉండటం వేరు, కొత్తచోట వాటిని డిగ్రీలో లెక్కకట్టడం వేరు. మొదటిది పాత కాలేజీ చెయ్యాల్సిన పని. రెండోది కొత్త యూనివర్సిటీ చేతిలో ఉంటుంది. ఇక్కడి ప్రిన్సిపాల్ "వచ్చెయ్యమ్మా, చూసుకుందాం" అనొచ్చు. అఫిలియేటెడ్ కాలేజీలో ఆయన ఫైలు పంపగలరు, అంతే. తేల్చేది బెళగావిలోని వీటీయూ. ప్రైవేటు, డీమ్డ్ యూనివర్సిటీలైతే వాళ్ళ సొంత కమిటీయే చూస్తుంది, జవాబు త్వరగా వస్తుంది, ఫీజు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. "సీటు గ్యారంటీ" అనే కన్సల్టెన్సీ వాళ్ళు ఈ రెంటిలో ఎక్కడా లేరు, వాళ్ళకు పైసా ఇవ్వొద్దు.

ఐదో సెమిస్టర్ దాటితే ఎందుకు కష్టమో చెప్తాను. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (విద్యార్థుల క్రెడిట్లు జమచేసే ఆన్‌లైన్ ఖాతా) మీద యూజీసీ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం డిగ్రీ ఇచ్చే సంస్థలోనే కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలి. బీటెక్‌కి 160 అనుకుంటే బయటినుంచి 80కి మించి చెల్లవు. రెండేళ్ళకు నీ దగ్గర ఉన్నవి దాదాపు అంతే. ఇంకో సెమిస్టర్ అక్కడే చదివొస్తే అది ఇక్కడ వృథా అయ్యే ప్రమాదం ఉంది. బ్యాక్‌లాగ్ ఏదైనా మిగిలి ఉంటే ముందు దాని సంగతి చూడు.

ఆ బ్యాంకు ఐడీ డిజిలాకర్‌లో తీసుకోవాలి, 12 అంకెలు ఉంటుంది, ఇప్పుడు అపార్ ఐడీ అంటున్నది అదే. క్రెడిట్లు నీ అంతట నువ్వు వెయ్యలేవు, కాలేజీ గానీ యూనివర్సిటీ గానీ ఎక్కించాలి. మన తెలుగువాళ్ళకి ఎక్కువగా తగాదా వచ్చేది పేరు దగ్గర. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, ఒక్కోసారి చివరికి కూడా పోతుంది. రెండూ కలవకపోతే క్రెడిట్లు నీ పేరున చేరవు. ఆధార్‌ని టెన్త్ మెమోకి సరిచేయించుకో, మెమో మార్పించడం కంటే అదే తేలిక. ఖాతాలో పడ్డ క్రెడిట్లు ఏడేళ్ళు చెల్లుతాయి, ఒక డిగ్రీకి వాడేసినవి ఇంకోదానికి పనికిరావు.

ఇక అసలు పని, పోలిక. సబ్జెక్టు తెలిసిన లెక్చరర్ ఒకరు నీ సిలబస్, వాళ్ళ సిలబస్ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటారు. మొదట ఎల్-టీ-పీ (వారానికి లెక్చర్, ట్యుటోరియల్, ప్రాక్టికల్ గంటలు) అంకెలు చూస్తారు. సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ నమూనాలో వారానికి గంట లెక్చర్‌కి ఒక క్రెడిట్, గంట ట్యుటోరియల్‌కి ఒకటి, గంట ల్యాబ్‌కి అర. ఆపరేటింగ్ సిస్టమ్స్ తీసుకో. నీ మెమోలో థియరీ 3-0-0కి 3 క్రెడిట్లు, ల్యాబ్ 0-0-3కి విడిగా 1.5 ఉన్నాయనుకో. వీటీయూ 2022 స్కీములో అది థియరీ, ల్యాబ్ కలిసిన ఒకటే కోర్సు, 3-0-2, 4 క్రెడిట్లు. నీ 4.5కి బదులు నాలుగే ఇస్తారు, మిగిలిన అర పోయినట్టే. దానికోసం ఉత్తరాలు రాస్తూ కూర్చోకు. కానీ థియరీ మెమో ఒక్కటే ఇచ్చి ల్యాబ్ మార్కులు జతచెయ్యడం మర్చిపోతే 3కీ 4కీ కుదరలేదని మొత్తం కోర్సే తిప్పికొట్టొచ్చు. అది మాత్రం నీ అజాగ్రత్త వల్ల పోయినట్టు అవుతుంది.

ఆ తర్వాత యూనిట్లు చూస్తారు. ఇక్కడ గణితంలో చాలామంది దెబ్బతింటారు. "మ్యాథమేటిక్స్-3" అనే పేరు కింద ఒకచోట లాప్లాస్, ఫోరియర్ ఉంటాయి. ఇక్కడ కంప్యూటర్ సైన్స్ మూడో సెమిస్టర్ గణితంలో సంభావ్యత, మార్కోవ్ చైన్లు, స్టాటిస్టిక్స్ ఉంటాయి. పేరు చూసి కలిసిందనుకుంటే పొరపాటు. అదే నువ్వు ప్రాబబిలిటీ వేరే పేరుతో ఇంకో సెమిస్టర్‌లో చదివి ఉంటే దాన్ని ఎదురుగా పెట్టి చూపించొచ్చు, సెమిస్టర్ నంబరు కలవాలని లేదు. అలా చూపించాల్సింది నువ్వే. ఆ లెక్చరర్ నీ నాలుగు సెమిస్టర్ల సిలబస్ వెతికి పెట్టరు.

అందుకని ఒక పట్టిక తయారుచెయ్యి. ఎడమవైపు వీటీయూ కోర్సు కోడ్, పేరు, క్రెడిట్లు. కుడివైపు నీ కోర్సు కోడ్, పేరు, క్రెడిట్లు, గ్రేడు, సిలబస్ పుస్తకంలో పేజీ నంబరు. చివరి గడిలో కలవని యూనిట్లు నిజాయితీగా రాయి. దాచినా బయటపడుతుంది, పడ్డాక మిగతా వరుసల్నీ అనుమానంగా చూస్తారు. సిలబస్ నువ్వు చదివిన రెగ్యులేషన్‌దే (నీ బ్యాచ్‌కి వర్తించే నిబంధనలు, ఆర్20, ఆర్23 లాంటివి) అయ్యుండాలి. ఆర్20 వాళ్ళు ఆర్23 కాపీ పెట్టి ఫైలు తిరిగి తెచ్చుకోవడం మామూలే. వెబ్‌సైట్ నుంచి ప్రింట్ తీసింది చాలదు, ప్రతి పేజీ మీద కాలేజీ ముద్ర, సంతకం వేయించు. ఈ ఊరొచ్చాక ఒక్క పేజీ సంతకం కోసం మళ్ళీ రైలెక్కాల్సి వస్తుంది.

ఎంత చక్కగా పోల్చినా కొన్ని మిగులుతాయి, వాటిని అదనంగా రాయమంటారు. మొదటి ఏడాదిలో కన్నడ ఒక క్రెడిట్ ఉంటుంది. మాతృభాష కానివాళ్ళకి బళకె కన్నడ, అంటే వాడుక కన్నడ. నీ మెమోలో దానికి సాటి వచ్చేది ఏదీ ఉండదు, ముందే అడిగి పెట్టుకో. (చెన్నై వెళ్ళినా అన్నా యూనివర్సిటీ 2021 రెగ్యులేషన్‌లో తమిళుల వారసత్వం మీద ఇలాంటి ఒక క్రెడిట్ కోర్సులే ఉన్నాయి.) ఇంకోటి, వీటీయూలో క్రెడిట్లతో పాటు యాక్టివిటీ పాయింట్లు (క్లాసు బయట చేసే సామాజిక పనులకి ఇచ్చేవి) ఉంటాయి. మామూలు విద్యార్థికి 100, లేటరల్ ఎంట్రీకి (డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరేవాళ్ళకి) 75, వేరే యూనివర్సిటీ నుంచి ఐదో సెమిస్టర్‌కి వచ్చినవాళ్ళకి 50. అవి పూర్తికాకపోతే డిగ్రీ పట్టా ఆగుతుంది. ఆఖరి సెమిస్టర్ దాకా చాలామందికి ఇవి గుర్తే రావు.

ఎన్‌పీటెల్ (ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ కోర్సులు) గురించి అడిగావట. 4 వారాల కోర్సుకి ఒక క్రెడిట్, 8కి రెండు, 12కి మూడు. అసైన్‌మెంట్లకి 25లో కనీసం 10, పరీక్షలో 75కి కనీసం 30 రావాలి. 12 వారాల కోర్సులో మంచివి 8 అసైన్‌మెంట్లు తీసుకుంటారు. కోర్సులో చేరడం ఉచితం, పరీక్షకి విడిగా నమోదు చేసుకుని ఫీజు కట్టాలి, ఆ గడువు దాటితే చదివిన చదువుకి కాగితం ఉండదు. స్వయం (ఎన్‌పీటెల్ కూడా భాగమైన కేంద్ర ప్రభుత్వ పోర్టల్) కోర్సులను ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా ఒప్పుకోవచ్చని యూజీసీ 2021 నిబంధన. ఒప్పుకోవచ్చని ఉంది గానీ ఒప్పుకోవాలని లేదు. కాబట్టి చేరకముందే ఆ కోర్సు దేనికి బదులో విభాగాధిపతి చేత రాయించుకో. చదివేశాక అడిగితే "సర్టిఫికెట్ రెజ్యూమెలో పెట్టుకోమ్మా" అంటారు. డబ్బు కట్టి చేసే విదేశీ వెబ్‌సైట్ల కోర్సులు ఈ లెక్కలోకి రావు.

వేసవి ఇంటర్న్‌షిప్‌కి "మూడు నెలలు చేసింది" అనే ఉత్తరం పనికిరాదు. నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఒక క్రెడిట్ అంటే 30 గంటల పని. గంటలు, చేసిన పని, పర్యవేక్షించినవాళ్ళ సంతకం ఉన్న లాగ్‌బుక్ అడుగు.

కాగితాల వరుస ఇలా పెట్టుకో. ముందు పాత కాలేజీ, యూనివర్సిటీల నుంచి నిరభ్యంతర పత్రం. దాంతోపాటే సిలబస్ అటెస్టేషన్. తర్వాత ఇక్కడ దరఖాస్తు, ఏ కోర్సులు ఒప్పుకున్నారో, ఏవి అదనంగా రాయాలో కోర్సులవారీగా రాతపూర్వకమైన ఉత్తరం. అది చేతికొచ్చాకే టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్. టీసీ ముందే తీసుకుంటే, ఇక్కడ కాదన్నాక అక్కడ మళ్ళీ చేర్చుకోమని బతిమాలాల్సి వస్తుంది. మిగిలిన రెండేళ్ళ ఫీజు కడితేనే ఒరిజినల్స్ ఇస్తామంటే, యూజీసీ 2018 అక్టోబర్‌లో ఒరిజినల్స్ పట్టుకోవద్దని నోటిఫికేషన్ ఇచ్చింది, దాని కాపీ జతచేసి అర్జీ పెట్టు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతున్నావు కాబట్టి ఇక్కడికొస్తే అది ఉండదు, బావతో ఆ లెక్క ముందే మాట్లాడు.

పట్టిక మొదటి ప్రతి కాగానే వాట్సాప్‌లో పెట్టు, మ్యాథ్స్ వరుసలు ముందు చూస్తాను. ఏ కోర్సులు ఒప్పుకున్నారో చెప్పే ఉత్తరం వచ్చేదాకా ఏ కాలేజీకీ అడ్వాన్స్ కట్టొద్దని బావకి చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య