సంఘంలో నమ్మకంగా పనిచేసిన పెద్దాయన పోయారు. సంస్మరణ సభ, జ్ఞాపకాల పుస్తకం ఎలా చేయాలి?

మీరు అడిగింది ఇది: ఏళ్ల తరబడి సంఘాన్ని అంటిపెట్టుకున్న మంచి మనిషి పోయారు, రెండు వారాల్లో సభ ఉంది, మీరు మాట్లాడాలి, తర్వాత చిన్న పుస్తకం తేవాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఆయన చేసిన పనుల చిట్టా రాయండి. ప్రసంగమూ పుస్తకమూ అందులోంచే వస్తాయి. ఇలాంటివాళ్ల పేరు పదవుల పట్టికలో కనబడదు గానీ తాళంచెవులు మాత్రం వాళ్ల దగ్గరే ఉంటాయి. హాలు ఎవరు తెరిచేవారు, కుర్చీలు ఎవరు సర్దేవారు, నాలుగు వారాలు కనబడనివాళ్లకు ఎవరు ఫోన్ చేసేవారు, కొత్తగా వచ్చినవాళ్ల పక్కన ఎవరు కూర్చునేవారు? ఒక్కో పనికి మూడు గడులు గీయండి: ఎన్నాళ్లు చేశారు, ఎంత తరచుగా చేశారు, ఇప్పుడు ఎవరు చేస్తున్నారు. మూడో గడి ఖాళీగా ఉన్నచోట సభ అయ్యేలోపే ఒకరిని పెట్టండి. చిట్టా రాస్తుంటే మరచిపోయినవి కూడా బయటపడతాయి: బ్యాంకు ఖాతాలో ఆయన సంతకం, గ్రూపు అడ్మిన్ హక్కులు, ఇంట్లో ఉండిపోయిన రిజిస్టర్లు. సంఘం ఖాతాల ఓటీపీలు ఆయన నంబరుకే వెళ్తుంటే, ఇంటివాళ్లు ఆ సిమ్ ఆపేయకముందే నంబరు మార్పించాలి. ఆలస్యమైతే ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే.

జ్ఞాపకాలకు పది పన్నెండుమందిని అడగండి. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడగొద్దు, మొదటివారు చెప్పిందే మిగతావాళ్లూ తిప్పి చెప్తారు. విడివిడిగా ఒక్కొక్కరికి పావుగంట ఫోన్ చాలు. "ఆయన గురించి చెప్పండి" అంటే "చాలా మంచివారండీ" దగ్గర మాట ఆగిపోతుంది. "మీకు ఏ పని చేసిపెట్టారు? అప్పుడు ఏమన్నారు?", "ఆయనకు చిరాకు తెప్పించే విషయం ఏది?" అని అడగండి. చిరాకు గురించిన ప్రశ్నకు నవ్వుతూ చెప్పే జవాబుల్లోనే మనిషి బాగా కనబడతాడు. విన్నది ఆ రోజే రాసుకోండి. సంవత్సరాల దగ్గర ఇద్దరి మాట కలవకపోతే ఇంటివాళ్లను అడగండి. అప్పటికీ తేలకపోతే ఆ సంవత్సరం వదిలేయండి.

ప్రసంగం ఐదు నిమిషాలు దాటొద్దు. తాపీగా చదివితే తెలుగులో అది దాదాపు 400 మాటలు. పైకి చదివి గడియారంతో సరిచూసుకోండి, మనసులో చదివితే ఎప్పుడూ తక్కువే వస్తుంది. ఆయన పుట్టిన తేదీతో కాకుండా ఆయన ఏదో పని చేస్తున్న దృశ్యంతో మొదలుపెట్టండి. రెండు సంఘటనలు చాలు, మూడోది పుస్తకానికి ఉంచండి. "మృదుస్వభావి", "అజాతశత్రువు", "ఆయన లేని లోటు పూడ్చలేనిది" లాంటివి కొట్టేయండి. ఎవరి సభలో చదివినా అతికే మాటలు ఆయన గురించి ఏమీ చెప్పవు. ఆయన డబ్బు సాయం చేసినవాళ్ల పేర్లు, మొత్తాలు, ఆస్పత్రిలో చివరి రోజుల సంగతులు మైకులో వద్దు. గుట్టుగా సాయం చేసినవాళ్ల గుట్టును వాళ్లు పోయాక కూడా కాపాడాలి.

కాగితం మీద 18 పాయింట్ల అక్షరాలతో, ఒకవైపే ముద్రించి, పేజీ అంకెలు వేసుకోండి. ఫోన్‌లో చూసి చదివితే సరిగ్గా అప్పుడే కాల్ వస్తుంది. గొంతు పూడుకుపోయేది సాధారణంగా ఆయన అన్న మాటను ఉన్నదున్నట్టు చెప్పే వాక్యం దగ్గర. ఎక్కడో సాధనలోనే తెలిసిపోతుంది. అక్కడ వాక్యం చిన్నది చేసి, ముందు ఊపిరి తీసుకోవడానికి గీత పెట్టుకోండి. ఇంకో ప్రతి ముందువరసలో ఒకరి చేతికిచ్చి ఉంచితే, అవసరమైతే వాళ్లు అందుకుంటారు.

సభకు మీరు కాక ఆరుగురు వక్తలు, తలా నాలుగు నిమిషాలు చాలు. ముందుగా అడగకుండా ఇంటివాళ్లను వేదిక మీదికి పిలవొద్దు. మౌనం పాటించేటప్పుడు గడియారం చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి. లేకపోతే రెండు నిమిషాలని చెప్పి ముప్పై సెకన్లకే కూర్చోబెట్టేస్తారు.

వచ్చినవాళ్లు రాయడానికి కుట్టిన పుస్తకం పెట్టకండి. ఒకసారికి ఒకరే రాయగలరు, వెనక వరుస పెరిగి మిగతావాళ్లు సంతకం పెట్టి వెళ్లిపోతారు. ఏ5 (ఏ4లో సగం) విడి కాగితాలు, పది బాల్‌పెన్నులు పెట్టండి (జెల్ సిరా చెయ్యి తగిలితే అలుముకుంటుంది). బైండింగుకు ఎడమవైపు మూడు సెంటీమీటర్లు వదలమనండి. పైన రెండు గీతలు ముద్రించి ఉంచండి: పేరు, ఆయన ఎలా తెలుసు. ఇవి లేకపోతే పదేళ్ల తర్వాత ఆ కాగితం ఎవరిదో ఆయన మనవలకు అర్థం కాదు.

ఫొటో ఏ4లో స్పష్టంగా రావాలంటే సుమారు 2480×3508 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపమనండి. గ్రూపు ఫొటోలోంచి ముఖం కత్తిరించి పెద్దది చేస్తే మసకే మిగులుతుంది. ఆల్బమ్‌లోని పాత ఫొటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించండి. ఆయన వాయిస్ మెసేజీలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇప్పుడే వేరుగా దాచండి, ఫోన్ మారిస్తే పోవచ్చు.

పుస్తకం మధ్యలో పిన్ కొట్టేదైతే పేజీలు నాలుగుతో భాగించబడాలి. 18 పేజీల విషయముంటే 16కు కుదించండి, లేదా 20కి పెంచండి. యూనికోడ్ తెలుగును (ఫోన్లలో మామూలుగా టైప్ చేసేది) పాత పేజీ సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే ఒత్తులు విడిపోతాయి. అందుకే ప్రూఫును (అచ్చుకు ముందు సరిచూసే ప్రతిని) తెరమీద కాకుండా ముద్రించిన కాగితం మీద చూడాలి. రాసినవారు కాక ఇంకొకరు చూడాలి. ఆయన పేరు, ఇంటిపేరు, తేదీలు ఇంట్లో ఒకరి చేత సరిచూపించి సంతకం పెట్టించుకోండి.

ఆయన పేరిట నిధి, బెంచీ, చెట్టు లాంటివి మొదటి నెలలో ప్రకటించకండి. ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. తర్వాత చెట్టుకు నీళ్లు ఎవరు పోస్తారో, నిధి లెక్కలు ఏ తేదీకి ముగుస్తాయో రాసి పెట్టాలి.

సభ అయ్యాక ఆ ఇంటికి ఫోన్లు పలచబడతాయి. రెండో నెల ఎవరు చేయాలి, నాలుగో నెల ఎవరు, ఆయన పుట్టినరోజు నాడు ఎవరు వెళ్లాలి అన్నది కూడా పనుల చిట్టా చివర పేర్లతో రాసేయండి. రాయకపోతే అందరూ ఇంకెవరో చేసి ఉంటారనుకుంటారు.