పాత మజ్దా ఎంఎక్స్-5తో కిట్ కారు: విప్పే ముందు ఆ కారును నడపండి

ప్రశ్న: ఇంగ్లండులో ఉంటున్నాను. తుప్పు పట్టిన పాత మజ్దా ఎంఎక్స్-5 ఒకటి చవకగా దొరుకుతోంది. అమ్మేవాళ్లు సగం విప్పి పెట్టారు. దాని భాగాలతో కిట్ కారు కట్టుకోవాలని ఉంది. నాకు వెల్డింగ్ రాదు. ఎంత ఖర్చవుతుంది, ఎంత కాలం పడుతుంది? హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు మారుతి 800తో ఇలాంటిది చేయవచ్చా?

జవాబు:

సగం విప్పిన కారును కొనకండి. మిగిలినదంతా తర్వాత చెబుతాను కానీ, ఈ ఒక్క మాట ఇప్పుడే చెప్పకపోతే మీరు ఈ వారాంతంలోనే డబ్బు కట్టేస్తారేమోనని నా భయం.

నేను లెస్టర్‌లో ఉంటాను. 1992 నాటి 1.6 లీటర్ల ఎంఎక్స్-5ను విప్పి, ఆ భాగాలతో రెండు సీట్ల కిట్ కారు కట్టాను. కంపెనీ అమ్మే కొత్త ఛాసిస్ (అడుగు చట్రం), బాడీ ముక్కలకు పాత కారు ఇంజను, గేర్‌బాక్సు బిగించి ఇంట్లో కట్టుకునేదే కిట్ కారు. ఇరవై రెండు నెలలు పట్టింది. భాగాలిచ్చే పాత కారును ఇక్కడ డోనర్ అంటారు. నేను కూడా మొదట చూసిన డోనర్ మీరు చెప్పినలాంటిదే. ఇంజను ఒక చెక్క పలక మీద, గేర్‌బాక్సు ఇంకో మూల, నట్లూ బోల్టులూ అన్నీ కలిపి ఒకే బకెట్లో. "మొన్నటి దాకా చక్కగా నడిచింది" అన్నాడు అమ్మేవాడు. ధర తక్కువ. నేను దాదాపు ఒప్పేసుకున్నాను.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేశాను. నాన్న తెనాలిలో ముప్పై ఏళ్లు మెకానిక్ షెడ్డు నడిపారు. అంతా విని, "నడిచే బండినే విప్పాలిరా. నడవని బండిని విప్పి బిగించాక అది కదలకపోతే, తప్పు నీదో దానిదో ఎవరు చెబుతారు?" అన్నారు. నేను ఇంతకాలం చేసిన పనిలో ఇంతకంటే ఉపయోగపడిన సలహా లేదు.

అందుకని నడుస్తున్న కారునే కొన్నాను, 850 పౌండ్లకు. ఆరు వారాలు దానిలోనే ఆఫీసుకు వెళ్లాను. గమనించిన ప్రతిదీ ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఉదయం చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు గరగరలాడుతూ పడుతుంది. స్టార్ట్ చేయగానే ఇంజను పైభాగంలో టిక్ టిక్ మని చప్పుడు వస్తుంది, వేడెక్కాక ఆగిపోతుంది. వెనుక ఎడమ బ్రేకు వదలడం లేదు, ఆ చక్రం చేయి పెట్టలేనంత వేడెక్కుతోంది. దాదాపు ఏడాదిన్నర తర్వాత కొత్త ఛాసిస్ మీద ఇంజను మొదటిసారి స్టార్ట్ అయినప్పుడు అదే టిక్ టిక్ వినిపించింది. పక్కనున్న స్నేహితుడు కంగారుపడి ఆపేయమన్నాడు. నేను ఆపలేదు. అది నాకు తెలిసిన చప్పుడే. మూడు నిమిషాల్లో తగ్గిపోయింది.

కారు ఎంపిక మాత్రం మంచిదే. 1989లో వచ్చిన మొదటి తరం ఎంఎక్స్-5లో ఇంజను ముందు భాగంలో, కారు పొడవు దిశలో ఉంటుంది, అది తిప్పేది వెనుక చక్రాలను. డోర్ల కింద ఉండే బాడీ అంచులను, వెనుక చక్రాల పై వంపులను తుప్పు తినేస్తుంది కానీ ఇంజను, గేర్‌బాక్సు మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తాయి. అంటే బాడీ ముందు పోతుంది, పనికొచ్చేవి మిగులుతాయి. ఇంకో సుగుణం కూడా ఉంది. గేర్‌బాక్సునూ, వెనుక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌నూ కలుపుతూ ఒక పొడవాటి అల్యూమినియం ఫ్రేము ఉంటుంది. అందువల్ల బ్రేకు పైపులు, పెట్రోలు పైపులు, వైర్లు, స్టీరింగ్ రాడ్డు, హ్యాండ్‌బ్రేకు తీగలు విడదీసి, బాడీ బోల్టులు తీసి పైకెత్తితే, కింద ఇంజను మొదలు నాలుగు చక్రాల దాకా ఒకే ముక్కగా నేల మీద నిలబడుతుంది. ఆ రోజు ఐదుగురం కలిసి బాడీని ఎత్తి పక్కన పెట్టాం. చర్మం ఒలిచిన జంతువులా అనిపించింది అది. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

బ్యాటరీ కోసం బానెట్ కింద వెతకకండి, ఈ కారులో అది డిక్కీలో ఉంటుంది. విప్పడం మొదలుపెట్టే ముందు దాన్ని తీసేయండి.

బోల్టుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ వారాలు ఎక్కువగా అక్కడే పోతాయి. చక్రాన్ని పట్టి ఉంచే కింది విష్‌బోన్‌లకు లోపలి వైపు పొడవాటి బోల్టులు ఉంటాయి. చక్రం వాలును సరిచేసేవి అవే. అవి రబ్బరు బుష్‌లోని ఇనుప గొట్టంలో నుంచి పోతాయి, ముప్పై ఏళ్ల వానకూ రోడ్ల మీద చల్లే ఉప్పుకూ ఆ గొట్టంతో ఏకమైపోతాయి. నా కారులో వెనుక కుడి వైపు బోల్టు నట్టు వచ్చింది, బోల్టు రాలేదు. పానాకు గొట్టం తగిలించి తిప్పితే బోల్టుతో పాటు రబ్బరు మెలితిరిగి, వదలగానే మళ్లీ యథాస్థానానికి వచ్చేది. నాలుగు రోజులు తుప్పు వదిలించే నూనె పోశాను. నాన్న వీడియో కాల్‌లో చూసి, "బలం చూపించకు, వేడి చూపించు" అన్నారు. వేడి చేశాను. రబ్బరు కాలి గదంతా పొగ నిండింది, బోల్టు మాత్రం అర అంగుళం జరిగి ఆగిపోయింది. చివరికి రంపపు మిషనుతో రెండు వైపులా కోసి తీశాను. కోసిన చోట లోహం వెండిలా మెరుస్తోంది, పక్కన గొట్టం, బోల్టు మధ్య గీత కూడా కనబడనంతగా అతుక్కుపోయి ఉంది. నాలుగు చక్రాలకూ కొత్త బోల్టులు, కొత్త బుష్‌లు ముందే కొని పెట్టుకోండి. వేడి చేసేటప్పుడు పెట్రోలు ట్యాంకు ఆ గదిలోనే ఉండకూడదు. మంట ఆర్పే సిలిండరు చేతికందేంత దగ్గర ఉండాలి.

ప్రతి వైరుకూ రెండు చివరలా చీటీ అంటించండి. ఫోటోలు చాలవు. నేను వైరింగ్ మొత్తాన్ని హాలులో నేల మీద పరిచి, కొత్త కారుకు అక్కర్లేని డోర్ల వైర్లు, హీటరు వైర్లు ఒక్కొక్కటే వేరు చేశాను. రెండు వారాలు మా ఆవిడ, పిల్లలు వాటిని దాటుకుంటూ తిరిగారు, ఒక్క వైరు కూడా కదల్చలేదు. వాళ్లకు నేను నిజంగా రుణపడి ఉన్నాను.

అంత జాగ్రత్తపడినా ఒకచోట దెబ్బతిన్నాను. కారు పూర్తయ్యాక కుడి ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు మసకగా వెలిగేది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ ఆగిపోయేది. స్విచ్చులు మార్చాను, బల్బులు మార్చాను. మూడు వారాలు గడిచాక తట్టింది: పాత కారు బాడీ ఇనుము, కాబట్టి లైట్ల ఎర్త్ వైర్లు ఆ ఇనుముకే బిగించి ఉండేవి. కిట్ కారు బాడీ ఫైబర్‌గ్లాసు, దానిలో కరెంటు పారదు. దారి లేని కరెంటు పక్క బల్బులోంచి దారి వెతుక్కుంటోంది. ప్రతి లైటు నుంచీ ఛాసిస్ దాకా విడిగా ఒక ఎర్త్ వైరు లాగగానే అంతా సర్దుకుంది. మీరు మొదటి రోజే లాగేయండి.

వెల్డింగ్ రాకపోయినా ఇబ్బంది లేదు. ఛాసిస్ వెల్డింగ్ చేసి, రంగు వేసి పంపే కిట్ తీసుకోండి. మీకు మిగిలేది రంధ్రాలు వేయడం, రివెట్లు కొట్టడం, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచితో సరిగ్గా బిగించడం. బిగించిన ప్రతి బోల్టు మీద పెయింటు పెన్నుతో గీత పెట్టుకోండి.

ఇక పరీక్ష. రోడ్డెక్కే ముందు ఐ.వి.ఎ. అనే ప్రభుత్వ తనిఖీ ఉంటుంది. నేను వెళ్లినప్పుడు రుసుము 450 పౌండ్లు. బ్రేకులు, పొగ, చప్పుడు, స్పీడోమీటరు అన్నీ చూస్తారు. చాలామంది తప్పేది మాత్రం అంచుల దగ్గర. 100 మిల్లీమీటర్ల బంతిని, అంటే పెద్ద బత్తాయికాయంత దాన్ని, కారు బయటి భాగాల మీద ఆనించి చూస్తారు. అది తగిలే ఏ అంచైనా కనీసం 2.5 మిల్లీమీటర్ల గుండ్రం తిరిగి ఉండాలి. పాదచారిని తాకితే కోసుకోకూడదు, అదీ ఉద్దేశం. నా కారు ముందు సస్పెన్షన్‌లో రెండు బోల్టు కొనలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. మలుపు తిప్పి వదిలితే స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావాలి, అదీ రాలేదు. బరువు తగ్గడమే కారణం: పాత కారు దాదాపు 950 కిలోలు, నాది 690. మొదటిసారి తప్పాను. తనిఖీ అధికారి ఒక్కో లోపాన్నీ ఓపికగా చూపించి కాగితం మీద రాసిచ్చారు. బోల్టులకు ప్లాస్టిక్ టోపీలు పెట్టి, చక్రాల కోణాలు సరిచేయించుకొని వెళ్తే రెండోసారి నెగ్గింది.

కాగితాల విషయం బోల్టులంత ముఖ్యం. డోనర్ కారు రిజిస్ట్రేషన్ పత్రం, ఇక్కడ వి5సి అనేది, లేకుండా కారు కొనవద్దు. కిట్ తయారీదారు ఇచ్చిన కొత్త ఛాసిస్‌తో పాటు డోనర్ నుంచి కనీసం రెండు ప్రధాన భాగాలు వాడినట్టు రుజువు చేస్తే, ఆ పాత కారు వయసుకు తగిన నంబరు ఇస్తారు. రుజువు లేకపోతే క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు వస్తుంది, అమ్మేటప్పుడు ధర పడిపోతుంది. విప్పడం మొదలుపెట్టగానే కారు రోడ్డు మీద లేదని, వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డి.వి.ఎల్.ఎ.కు తెలియజేయాలి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఫోటోలు, ప్రతి రసీదు ఒకే ఫైలులో దాచండి. బీమా మామూలు కంపెనీల్లో కష్టం, కిట్ కార్లకు ప్రత్యేకంగా ఇచ్చేవాళ్లున్నారు.

ఖర్చు: డోనర్ 850, కిట్ 4,200, టైర్లు, బుష్‌లు, బ్రేకు పైపులు, చిల్లర సామాను 1,900, పనిముట్లు 700, తనిఖీలు, రిజిస్ట్రేషన్ 600. డోర్లు, సీట్లు, పైకప్పు అమ్మితే 650 తిరిగొచ్చింది. మొత్తం 7,600 పౌండ్లు. ఇవి నేను కట్టినప్పటి ధరలు, మీరు పైన మరో నాలుగో వంతు చేతిలో ఉంచుకోండి. వారంలో రెండు సాయంత్రాలు, ఆదివారాలు పనిచేస్తే రెండేళ్లు అనుకోండి.

తమ్ముడి సంగతి. బ్రిటన్‌లో ఈ అలవాటు పాతది. 1957లో లోటస్ కంపెనీ స్థాపకుడు కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే చిన్న రెండు సీట్ల కారు తెచ్చినప్పుడు, విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే కొనుగోలు పన్ను పడేది కాదు. 1973లో వ్యాట్ వచ్చి ఆ లాభం పోయింది కానీ, ఇంట్లో కట్టిన కారును తనిఖీ చేసి రోడ్డెక్కించే ఏర్పాటు మాత్రం నిలిచింది. మన దేశంలో అలాంటి దారి లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. కొత్త వాహనమనుకుంటే వాహనాలను పరీక్షించి ధ్రువీకరించే ఏఆర్ఏఐ లాంటి సంస్థల్లో నమూనా పరీక్షలు జరగాలి, అది ఒక మనిషి భరించే ఖర్చు కాదు. కాబట్టి తమ్ముడు కట్టిన బండి రోడ్డెక్కదు, సొంత స్థలంలో నడుపుకోవాలి. ఇంజనీరింగ్ చదువుతుంటే, విద్యార్థులు కట్టిన బండ్లతో జరిగే బాహా ఎస్ఏఈ పోటీకి కాలేజీ జట్టులో చేరమనండి, అక్కడ ఛాసిస్ తామే కట్టి పోటీలో నడుపుతారు. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు అలాంటి జట్టులో చేరనందుకు ఇప్పటికీ బాధపడతాను. సొంత స్థలంలో నడుపుకోవడానికే కట్టుకుంటానంటే, మారుతి 800 ముందు చక్రాలతో నడిచే బండి కాబట్టి, ఇంజనును అడ్డంగానే తీసుకెళ్లి సీట్ల వెనుక పెట్టుకుంటే తేలిక.

మీరు లెస్టర్ చుట్టుపక్కల ఉంటే రాయండి. ఇంజను ఎత్తే క్రేను, టార్క్ రెంచి నా గ్యారేజీలో ఖాళీగా ఉన్నాయి, తీసుకెళ్లవచ్చు. కారు చూడటానికి వెళ్లే రోజు నన్నూ పిలవండి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి ఇద్దరం విందాం.