తొలి వానలకు ఎదురెక్కే గుడ్ల చేపలను ఊళ్లో పట్టకుండా ఆపడం ఎలా?

"మత్తడి (చెరువు అలుగు) దగ్గర గుడ్ల చేపలను ఊడ్చేస్తున్నారు, చెప్తే వినడం లేదు, ఎలా ఆపాలి" అని ఒకరు అడిగారు. జూన్‌లో చెప్తే ఎవరూ వినరు. మృగశిర కార్తె రోజు, అంటే జూన్ 7నో 8నో, చేప తినాలన్న పట్టింపు మనది. చేపలు గుడ్లతో నిండే రోజులూ సరిగ్గా అప్పుడే మొదలవుతాయి. ఈ మాట మే నెలలో, చెరువు అడుగంటి మత్స్యకారుల సంఘం లెక్కలు చూసుకునేటప్పుడు ఎత్తాలి.

ఇంకో సంగతి. అందరి కళ్లూ మత్తడి మీదే ఉంటాయి గానీ అసలు నష్టం శిఖంలో, అంటే చెరువు నిండితే మునిగే భూమిలో జరుగుతుంది. తొలి వానలకు చెరువు నిండదు, మత్తడి దుంకదు. వాగు నీళ్లు మాత్రం చెరువు పైకొసన దిగుతాయి. ఎండి పగిలిన శిఖం భూమి తడిసి, గడ్డిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. కొర్రమట్టలు, జెల్లలు, పరకలు రాత్రికి రాత్రి ఆ గడ్డిలోకి ఎక్కుతాయి. వెనకే టార్చిలైట్లు, కర్రలు, దోమతెర వలలు. చేప వీపు నీళ్లపైన కనిపిస్తుంటే గురి చూడాల్సిన పని కూడా లేదు. తెల్లారేసరికి బకెట్లు నిండుతాయి. కడుపు కోస్తే సగం గుడ్లే. 

"సర్కారు చేపపిల్లలు వేస్తది కదా" అనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. 2016 నుంచి తెలంగాణలో ఉచితంగా ఇస్తున్న పిల్లల్లో ప్రధానమైనవి బొచ్చె, రవ్వ, మోసు, బంగారుతీగ. వీటిలో మొదటి మూడూ పారే నదిలో గుడ్లు పెట్టే రకాలు. నిలవ నీటి చెరువులో సాధారణంగా పెట్టవు, ప్రతి ఏడూ కొత్తగా వదలాల్సిందే. చెరువులో తనంతట తాను పెరిగేది ఎక్కువగా నాటు చేపే. దాని విత్తనం శిఖంలోనే ఉంది.

కొర్రమట్ట, అంటే కొర్రమీను సంగతి మరీ అన్యాయం. గుడ్లు పొదిగాక ఎర్రటి పిల్లలు గుంపుగా నీటిపైకి వచ్చి బుడగలు వదులుతుంటాయి, కింద పెద్ద చేప కాపలా తిరుగుతుంటుంది. ఆ ఎర్రటి ముద్ద చూసే గాలం వేస్తారు. ఒక్క పెద్ద చేపను లాగితే వందల పిల్లలు గంటల్లో మిగతా చేపలకు మేతవుతాయి. రాష్ట్ర చేప అని గౌరవమిచ్చి, దాన్ని ఇలా పట్టుకుంటున్నాం.

ముందు చెరువు హక్కు ఎవరిదో కాగితం మీద చూసుకోండి, పంచాయతీదా, మత్స్యశాఖ ద్వారా సంఘానికి వచ్చిందా. హక్కున్నవాళ్ల తీర్మానం లేకుండా యువజన సంఘం బోర్డు పెడితే రెండో రోజుకు ఆ బోర్డు కట్టెలపొయ్యిలో ఉంటుంది. తీర్మానంలో పది షరతులు రాయకండి, మూడు చాలు. వాగు నీళ్లు దిగిన రోజు నుంచి పదిహేను రోజులు శిఖంలో వేట లేదు. పిల్లలతో తిరిగే కొర్రమట్ట మీద గాలం లేదు. దోమతెర వల ఏడాదంతా లేదు. తర్వాత డప్పు చాటింపు, మీ ఊళ్లోనే కాదు, వాగు ఎగువన ఉన్న ఊళ్లో కూడా. రాత్రి వచ్చేవాళ్లలో సగం అక్కడివాళ్లే.

డబ్బు జరిమానా పెట్టకండి. కట్టి మళ్లీ పడతారు. వల పంచాయతీలో అప్పగించి దసరా తర్వాత తీసుకోవాలని రాయించండి. కొట్టడం, ఫొటోలు వాట్సాప్‌లో పెట్టడం చేస్తే కేసు మీ మీదికే తిరుగుతుంది. నీళ్లలో విషపు మందు కలిపినా, పేలుడు తూటా పేల్చినా మాత్రం నేరుగా పోలీసులకు చెప్పండి. 1897 నాటి ఇండియన్ ఫిషరీస్ చట్టం ఆ రెండింటినీ నేరమంది. అసలు పాఠంలో శిక్ష రెండు నెలల వరకు జైలు లేదా 200 రూపాయల వరకు జరిమానా, అప్పట్లో అది పెద్ద మొత్తమే అయ్యుంటుంది.

నవంబర్ 21న ప్రపంచ మత్స్య దినోత్సవమని బ్యానర్ పట్టుకుని నడవడం కంటే సర్కారు చేపపిల్లల లారీ వచ్చినప్పుడు కొలబద్ద పట్టుకుని నిలబడటం మేలు. ఏటా ఎండే చెరువుకు 35 నుంచి 40, నీళ్లు నిలిచే చెరువుకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్ల రావాలి. చిల్లుల గిన్నెతో మూడుసార్లు ముంచి లెక్కపెట్టి సగటు తీయండి, దాన్ని గిన్నెల సంఖ్యతో గుణిస్తే మొత్తం లెక్క. మోసమంతా మొదటి గిన్నెలోనే ఉంటుంది. దాన్ని కిక్కిరిసి నింపుతారు, తర్వాతి వాటిలో నీళ్లే ఎక్కువ. ఆ మూడు గిన్నెలూ మీకు నచ్చినప్పుడు ఆపించి లెక్కపెట్టండి, ఆ తర్వాతే సంతకం. సంచులను పావుగంట చెరువు నీళ్లలో తేలనిచ్చాకే విప్పండి.

చివరగా, ఎండాకాలం ఆఖరి నీళ్లు తోడి ఊడ్చేయకుండా, పూడిక తీసిన గుంతల్లో లోతైనది ఒకటి వదిలేయండి. నాలుగైదు అడుగుల నీళ్లుంటే చాలు. అందులో తుమ్మకంప వేస్తే విసురువల పడదు, పడ్డా చిరుగుతుంది. పచ్చి కంప వేస్తే ఆకు కుళ్లి గాలి చాలక చేపలు తేలిపోతాయి. నెల ముందే కొట్టి, ఎండబెట్టి, ఆకు రాల్చి వేయండి.